గేదె సంగతి తర్వాత, ముందు గడ్డివామి చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 34 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, నిజాంపేటలో ఇల్లు, రెండో తరగతి చదివే పాప, ఇంట్లో అత్తగారు. 2026కి ఏడు లక్ష్యాలు రాసుకున్నారు: 12 కిలోలు తగ్గడం, ఐదు లక్షలు దాచడం, డేటా ఇంజినీరింగ్ నేర్చుకుని ఉద్యోగం మారడం, 24 పుస్తకాలు చదవడం, రోజూ ఐదింటికి లేవడం, ఫోన్ తగ్గించడం, తెనాలిలో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి నెలకోసారి వెళ్లడం. మూడేళ్లుగా ఇలాగే రాస్తున్నారు, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి అన్నీ అటకెక్కుతున్నాయి. "నాకు క్రమశిక్షణ లేదా, లేకపోతే లక్ష్యాలు పెట్టుకోవడమే రాదా?" అని అడిగారు.

మీవారి ప్రస్తావన ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

నా అభిప్రాయంలో రెండోదే నిజం, పెట్టుకోవడం రాదు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మనకెవరూ నేర్పలేదు. నేను సైకాలజిస్టును కాను. 1987 నుంచి 2021 దాకా ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేశాను, అందులో సగానికి పైగా అప్పులిచ్చే సీట్లోనే. కొత్త సంవత్సరం తీర్మానం కూడా నా లెక్కలో అప్పే. "వచ్చే పన్నెండు నెలలూ ఇంత కడతాను" అని మనకు మనమే రాసిచ్చే కాగితం. కట్టాల్సింది డబ్బు కాదు, టైమ్. కాబట్టి మీ ఏడింటినీ ఏడు లోన్ దరఖాస్తులుగా చూస్తాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1989లో ప్రకాశం జిల్లా దర్శి దగ్గర ఒక పల్లెటూరి బ్రాంచిలో ఉండేవాణ్ణి. అప్పట్లో ఐఆర్‌డీపీ అనే కేంద్ర ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి పథకం కింద పాడి గేదెలకు అప్పులిచ్చేవాళ్లం. ఒకాయన రెండు గేదెలకు దరఖాస్తు పెట్టుకున్నాడు. నేనూ, మా ఫీల్డ్ ఆఫీసరూ రాజ్‌దూత్ బండి మీద ఆయన ఇంటికి వెళ్లాం. మంచం వేశారు, మజ్జిగ ఇచ్చారు. ఆయన ఎంత బాగా చెప్పాడంటే, ఫలానా ఊళ్లో రెండో ఈత గేదెలు చూసి వచ్చాడట, పూటకు నాలుగు లీటర్లట, పాలకేంద్రం రోడ్డు మీదే ఉందట. నేను మనసులో సంతకం పెట్టేశాను. మా ఫీల్డ్ ఆఫీసర్ మాత్రం మజ్జిగ గ్లాసు పట్టుకునే ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ గడ్డివామి ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, పక్క నుంచి చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు గడ్డి లాగి చూశాడు, తడిసిందా లేదా అని.

"ఇది ఎన్నాళ్లొస్తుంది?"

"ఒకదానికైతే వేసవి దాటుద్దండీ. రెండిటికి ఉగాది దాకా."

"ఆ తర్వాత?"

"కొంటానండీ."

"దేంతో?"

"పాల డబ్బులతో."

"మరి మా కిస్తీ దేంతో కడతావు?"

ఆయన ఏమీ మాట్లాడలేదు. మావాడు ఒక గేదెకే రాశాడు, రెండోది ఆరు నెలలు ఆగి చూద్దామన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నాతో అన్నాడు, "గేదెను చూడకయ్యా, వామిని చూడు. గేదె ఎవరికైనా బాగానే కనిపిస్తుంది."

మరుసటి ఏడాది ఆ ఫీల్డ్ ఆఫీసరుకు బదిలీ అయింది. నేను తెలివితేటలు చూపించి పక్క ఊళ్లో ఇంకొకతనికి ఒకేసారి రెండు గేదెలకు మంజూరు చేశాను. మార్చికల్లా గడ్డి అయిపోయింది. ఒక గేదె వట్టిపోయింది. రెండోదాన్ని సంతలో సగం ధరకు అమ్ముకున్నాడు. అప్పు ఓవర్‌డ్యూ పడింది. అతనేమీ బద్ధకస్తుడు కాదు, తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషి. అంత కష్టపడేవాళ్లను నేను తక్కువ మందిని చూశాను. తప్పు అతనిది కాదు, వామి చూడకుండా సంతకం పెట్టిన నాది.

మీ క్రమశిక్షణ ప్రశ్నకు నా జవాబు ఇదేనమ్మా. మీ ఏడు గేదెలూ బంగారం లాంటివి. ఒక్కదానికీ వంక పెట్టలేను. ఇప్పుడు పెరట్లోకి వెళ్లి వామి చూద్దాం.

వారానికి 168 గంటలు. నిద్ర రోజుకు ఏడు గంటలు వేస్తే 49. ఆఫీసు 45. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తానన్నారు. నిజాంపేట నుంచి గచ్చిబౌలికి రానుపోను రెండున్నర గంటలు, అంటే ఏడున్నర. వంట, పాప హోంవర్కు, ఇంటి పని రోజుకు నాలుగు గంటలు వేసుకుంటే 28. స్నానం, తిండి, తయారవడం, ఊరికే కూర్చోవడం రోజుకు రెండున్నర, మొత్తం పదిహేడున్నర. శని ఆదివారాల్లో సరుకులు, బట్టలు, శుభ్రం చేసుకోవడం పది. కూడితే 157. మిగిలింది 11 గంటలు. మీ వామి అదే. మీరు తిట్టుకునే ఫోన్ మేసేది కూడా ఆ పదకొండులోంచే.

ఇప్పుడు గేదెలు ఎంత తింటాయో చూడండి. జిమ్‌కు రోజూ గంట, రాకపోకలకు అరగంట, ఆరు రోజులు: తొమ్మిది గంటలు. కోర్సుకు వారానికి పది గంటలు కావాలని మీరే రాశారు. 250 పేజీల పుస్తకం గంటకు 30 పేజీల చొప్పున చదివితే ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. 24 పుస్తకాలంటే ఏడాదికి 200 గంటలు, వారానికి నాలుగు. మూడిటికే 23 గంటలు. ఉన్నది 11. తెనాలి ఇంకా లెక్కలోకి రాలేదు.

జనవరి మొదటి వారంలో ఈ 23 గంటలూ ఎక్కణ్నుంచో వచ్చేస్తాయి, అందుకే మోసపోతాం. అవి నిద్రలోంచి వస్తాయి. పదో తారీఖుకు కళ్లు మండుతాయి, పాపకు జలుబు చేస్తుంది, ఆఫీసులో ఒక రిలీజ్ పడుతుంది, అక్కడితో సరి. మన గురించి మనమే 'ఆరంభశూరులం' అని వెక్కిరించుకుంటాం. ఆరంభించేటప్పుడు లెక్క చూసుకోమని మాత్రం ఒక్కరూ చెప్పరు.

ఇంకో మాట. జీతంలోంచి ఇల్లు గడవగా మిగిలేదంతా కిస్తీలకు పోయేలా మేమెప్పుడూ అప్పివ్వం. జ్వరాలు, పెళ్లిళ్లు, బండి రిపేరు ఉంటాయని తెలుసు కాబట్టి కొంత వదిలేస్తాం. మీ పదకొండులో సగమే మంజూరు చేస్తున్నాను. ఐదున్నర గంటలు. మిగతా ఐదున్నరను అలా వదిలేయండి. చుట్టాలొస్తారు, కరెంటు పోతుంది, ఒకరోజు ఊరికే పడుకోవాలనిపిస్తుంది.

ఇక ఒక్కొక్క దరఖాస్తూ చూద్దాం.

12 కిలోలు. ఇది మీ చేతిలో లేని అంకె. ఒంట్లో నీరు, థైరాయిడ్, నెలసరి, నిద్ర, అన్నీ కలిసి ఆ ముల్లును ఆడిస్తాయి. మీ చేతిలో ఉన్నది నడక. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 30 నిమిషాలు, ఐదు రోజులు. అంటే రెండున్నర గంటలు. మంజూరు.

ఎప్పుడన్నది ఇక్కడ అసలు విషయం. పాప స్కూల్ బస్సు 7.40కి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వస్తుందని రాశారు. బస్సు కదలగానే మీరు నడవడం మొదలుపెట్టాలి. పైకి వెళ్లి, కాఫీ తాగి, బూట్లు వేసుకుని మళ్లీ దిగుదామనుకుంటే అయిపోయినట్టే, లిఫ్ట్ ఎక్కిన మనిషి మళ్లీ దిగదు. బస్సు దగ్గరికి దిగేటప్పుడే బూట్లు వేసుకోండి. 8.10కి పైకి. కాఫీ అప్పుడు. 'బాగా నడవాలి' అనుకునే మనిషి కంటే 'ఫలానాది జరగగానే ఫలానాచోట మొదలుపెడతాను' అని ముందే తేల్చుకున్న మనిషి ఎక్కువగా చేస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లోనే రాశాడు. దీనికి ఆయన దాకా వెళ్లక్కర్లేదు, మా పిగ్మీ ఏజెంట్లను చూసినా చాలు.

పిగ్మీ డిపాజిట్ అని విన్నారో లేదో. ఉడుపిలో పుట్టిన సిండికేట్ బ్యాంక్ 1928లో మొదలుపెట్టింది, రోజుకు రెండణాలు దాచుకున్నా చాలని. ఆ బ్యాంకు 2020లో కెనరాలో కలిసిపోయింది. రోజువారీ వసూలు అనే పద్ధతి మాత్రం చిన్న ఊళ్లలో చాలా బ్యాంకులు, సొసైటీలు పట్టుకున్నాయి. చిల్లరకొట్టు ఆయన, టిఫిన్ బండి ఆవిడ, సైకిల్ షాపు కుర్రాడు, వీళ్లెవరూ బ్యాంకుకు వచ్చి డబ్బు కట్టే రకం కాదు. ఏజెంటే రోజూ ఒకే వేళకు వాళ్ల దగ్గరికి వెళ్తాడు. నేను పనిచేసిన ఒక ఊళ్లో పూలమ్మే ఆవిడ ఉండేది. సాయంత్రం గుడి గంట కొట్టే వేళకు ఏజెంట్ సైకిల్ ఆగేది. ఆవిడ తల ఎత్తకుండానే దండ కడుతూ గోనెపట్టా కింద నుంచి ఇరవై రూపాయలు తీసి ఇచ్చేది. అతను పుస్తకంలో టిక్కు పెట్టి వెళ్లేవాడు. ఆ ఇరవై ఇవ్వాలా వద్దా అని ఆవిడ ఏ సాయంత్రమూ ఆలోచించలేదు. ఆ ఏజెంట్ మానేశాక రెండు నెలలు ఇంకొకరు దొరకలేదు. బ్రాంచి అక్కడికి ఫర్లాంగు దూరమే. ఆవిడ ఒక్కరోజు కూడా వచ్చి కట్టలేదు. మీ స్కూల్ బస్సు మీకు ఆ ఏజెంట్ సైకిల్. ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు ఇవ్వగానే ఏజెంట్ మానేస్తాడు, గుర్తుపెట్టుకోండి. దానికి వేరే ఏర్పాటు అప్పుడు చేసుకోవాలి, ఇప్పుడు కాదు.

జిమ్ మాట ఎత్తకపోవడానికి సొంత కారణం ఒకటుంది. రిటైరైన కొత్తలో 14 వేలు పోసి ఏడాది సభ్యత్వం తీసుకున్నాను. పదకొండు రోజులు వెళ్లాను. జీవితమంతా ఇతరుల తిరిగి కట్టే స్తోమతు లెక్కగట్టిన మనిషిని, నా విషయంలో మాత్రం గేదెనే చూశాను. రోజుకు పన్నెండు వందల డెబ్బై చిల్లర పడింది. మా ఆవిడ ఇప్పటికీ ఎవరొచ్చినా ఈ లెక్క చెబుతుంది.

కోర్సు. వారానికి పది గంటలు ఇవ్వలేను, మూడు ఇస్తాను. మంగళ, గురువారాలు మీరు ఇంటి నుంచే పని చేస్తారు. ఆ రెండు రోజులూ దారిలో పోవాల్సిన రెండున్నర గంటలు మిగులుతాయి. మీ పదకొండు గంటల్లో దాదాపు సగం అక్కడే ఉంది, చూశారా? సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఆఫీసు నుంచి ఇంకా ఇంటికి చేరనట్టే లెక్క. తలుపు వేసుకోండి. ఏడాదికి ఒక 48 వారాలనుకుంటే 144 గంటలు. అందరూ మూడు నెలల్లో పూర్తి చేసే కోర్సు మీకు తొమ్మిది పది నెలలు పడుతుంది. పడనివ్వండి. 'ఉద్యోగం మారడం' అన్న ముక్క మాత్రం కొట్టేయండి, మార్కెట్ ఎలా ఉంటుందో మీ చేతిలో లేదు. 'డిసెంబరుకు కోర్సు పూర్తి చేసి ఒక చిన్న ప్రాజెక్టు చేసి పెట్టుకోవడం' అని రాసుకోండి.

ఇక్కడికి ఐదున్నర గంటలూ అయిపోయాయి.

ఐదు లక్షలకు గంటలు అక్కర్లేదు, అందుకే సులువు. సంకల్పం కూడా అక్కర్లేదు. ఐదు లక్షలంటే నెలకు సుమారు 41,700. ముందు గత ఆరు నెలల స్టేట్‌మెంట్ తీయండి. జీతం పడే ముందురోజు బ్యాలెన్స్ నెలనెలా ఎంత పెరుగుతూ వచ్చిందో చూడండి. ఆ పెరుగుదలే ఇక్కడ మీ వామి. అది 22 వేలుంటే 20 వేలకు రికరింగ్ డిపాజిట్ పెట్టి, జీతం పడిన మరునాడే దానంతటది కట్ అయ్యేలా బ్యాంకుకు చెప్పండి. నెలాఖరున మిగిలింది దాచేవాళ్లను ముప్ఫై నాలుగేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఏడాదికి రెండు లక్షల నలభై వేలే అవుతుంది, ఐదు లక్షలు కాదు. జీతం పెరిగిన నెల పెరిగినదాంట్లో సగానికి ఇంకొకటి మొదలుపెట్టండి. మధ్యలో తీస్తే వడ్డీలో కోత పడుతుందని జనం భయపడతారు. ఆ కోతే మంచిది, ఆ భయంతోనే చెయ్యి ఆగుతుంది.

తెనాలి ప్రయాణాన్ని మిగతావాటితో కలిపి లెక్కవేయకూడదు. బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో సుమారు 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమలు లాంటి ప్రాధాన్య రంగాలకు ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. లాభం పోటీలో అవి నిలబడవని తెలిసే వాటికి వేరే గది కట్టారు. అమ్మానాన్నలు మీకు ప్రాధాన్య రంగం. నెలకోసారి మీవల్ల కాదు, రెండు నెలలకోసారి పెట్టుకోండి, ఏడాదికి ఆరు. ఆ వారం నడకా కోర్సూ కుంటుపడితే పడనివ్వండి, మీరు వదిలేసిన ఐదున్నర గంటలు ఉన్నది ఇందుకే. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, ఇదివరకు 120 ఉండేది. తెనాలి నుంచి తిరిగొచ్చిన రోజు రాత్రే తర్వాతి ప్రయాణానికి శుక్రవారం రాత్రి బండి టికెట్ తీసేయండి. టికెట్ తీశాక అమ్మకు ఫోన్ చేసి తారీఖు చెప్పండి. ఆవిడకు చెప్పాక క్యాన్సిల్ చేసుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఐదింటికి లేవడం తిరస్కరిస్తున్నాను. అది లక్ష్యం కాదు, పది లోపల పడుకుంటే దానంతటదే వచ్చే ఫలితం. పదకొండున్నరకు పడుకుని ఐదింటికి అలారం పెట్టుకోవడం అంటే ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడమే. మీ నడక 7.40కి, చదువు సాయంత్రం. ఐదింటికి లేచి ఏం చేస్తారు?

24 పుస్తకాలు కూడా ఈ ఏడాదికి వద్దు. చదవొద్దని కాదు, లెక్క వద్దు. పుస్తకాలు చదివే ఆడపిల్లకు ఇలా చెప్పాల్సి రావడం నాకే బాధగా ఉంది. ఫోన్‌ను మాత్రం పుస్తకంతో కలిపి చూద్దాం. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా మనుషుల తీర్మానాలను ఏడాది పొడవునా గమనించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. 'ఫలానాది చేస్తాను' అనుకున్నవాళ్లలో దాదాపు 59 శాతం నిలబెట్టుకున్నామన్నారు. 'ఫలానాది మానేస్తాను' అనుకున్నవాళ్లలో 47 శాతమే. కాబట్టి 'ఫోన్ తగ్గిస్తాను' అనేది కొట్టేసి, 'రాత్రి పదింటికి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెడతాను, మంచం పక్కన పుస్తకం పెడతాను' అని రాయండి. ఛార్జర్ హాల్లో ఉండాలి, పడగ్గదిలో రెండోది ఉండకూడదు. నాలుగు పేజీలు చదివి నిద్రపోయినా సరే. డిసెంబరుకు ఎన్నయ్యాయో అప్పుడు చూసుకోండి.

మొదలుపెట్టే తేదీ. జనవరి 1న వద్దు. క్యాలెండర్ మారినప్పుడు, వారం మొదలైనప్పుడు మనసుకు కొత్త ఊపు వస్తుందని అమెరికాలో వార్టన్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2014లో చూపించారు, ఆ ఊపు నిజమే. కానీ తెలుగువాళ్లకు జనవరి 1 నుంచి రెండు వారాలకే సంక్రాంతి ఉంది. అరిసెలు, బస్సు టికెట్ల టెన్షన్, కనుమ రోజు విందు, మర్నాడు ముక్కనుమ. రెండు వారాల వయసున్న అలవాటు అంత పెద్ద పండగను దాటదు. మూడేళ్లూ మీకు అక్కడే తెగిందని మీరే రాశారు. జనవరి 1 నుంచి 18 దాకా ఏ లక్ష్యమూ వద్దు, ఒక చిన్న నోటుబుక్కులో ఏ రోజు ఏ గంట దేనికి పోయిందో మాత్రం రాయండి. నేను వేసిన 157 గంటల లెక్క మీ ప్రశ్నలోంచి ఏరుకున్నది, తప్పులుంటాయి. మీ వామిలో మీరే చెయ్యి పెట్టి చూసుకోవాలి. 19 సోమవారం. ఆ రోజు మొదలుపెట్టండి. ఉగాది మార్చి 19న వస్తుంది, సరిగ్గా రెండు నెలలకు. పచ్చడి తిన్నాక అరగంట కూర్చుని లెక్క చూసుకోండి.

ఎందుకు రెండు నెలలంటే, లండన్‌లో 96 మందితో చేసి 2010లో అచ్చువేసిన ఒక అధ్యయనం ఉంది. ఒక పని దానంతటదిగా జరిగే అలవాటు కావడానికి మధ్యరకం మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్క తేలింది. 21 రోజుల్లో అలవాటు అయిపోతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. అదే అధ్యయనంలో ఇంకో మాట మీకు పనికొస్తుంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా పడలేదు.

మా పద్ధతీ అదే. కిస్తీ ఒకరోజు ఆలస్యమైతే ఎవరూ జప్తుకు రారు. నెల దాటితే ఖాతా మీద ఒక గుర్తు పడుతుంది, రెండు నెలలు దాటితే ఇంకో గుర్తు. 90 రోజులు దాటితేనే ఎన్‌పీఏ అంటాం, మొండి బాకీ. మీరేమో ఒక సోమవారం తప్పితే ఖాతాకే నీళ్లొదిలేస్తున్నారు. వారం తప్పితే ఎందుకు తప్పిందో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి. నెల తప్పితే కిస్తీ తగ్గించండి, 30 నిమిషాలను 15 చేయండి, ఖాతా మాత్రం మూయకండి. దాన్ని మేం రీస్ట్రక్చరింగ్ అంటాం, పెద్ద పెద్ద కంపెనీలే సిగ్గుపడకుండా అడుగుతాయి. ఇంకొకటి, మంగళవారం తప్పిందని బుధవారం గంట నడవకండి. జరిమానాను కూడా అసలులో కలిపి దాని మీద వడ్డీ గుంజడం కుదరదని రిజర్వ్ బ్యాంక్ 2023లో బ్యాంకులకే చెప్పింది. మీ మీద మీరు అంతకంటే కఠినంగా ఉండనక్కర్లేదు.

ఇక జామీను. ఏ అప్పుకైనా మేం చివర్లో అడిగేది అదే. ఇక్కడ మంగళ, గురువారాల్లో మీరు తలుపు వేసుకున్న గంటన్నర ఎవరిదో చూడండి. ఆ టైములో పాప ఎవరి దగ్గర ఉంటుంది? అత్తగారి దగ్గర. పొయ్యి మీద కుక్కర్ ఎవరు పెడతారు? అది కూడా ఆవిడే అయితే ఈ లోను మీది కాదు, ఆవిడది. సంతకం ఆవిడ పెట్టాలి. మీవారి సంగతి చివర్లో చూద్దామన్నది ఇందుకే. ఆ రెండు సాయంత్రాల వంట ఆయన ఖాతాలో వేయండి. రాదంటే ఉప్మా వస్తుంది, అదీ రాదంటే నేర్చుకుంటారు, దానికి వారానికి పది గంటల కోర్సేమీ అక్కర్లేదు. జనవరి 18 ఆదివారం ముగ్గురూ కూర్చుని ఈ మాట తేల్చుకోండి. 'నేను చదువుకోవాలనుకుంటున్నాను' అని చెప్పకండి, అది గేదె. 'మంగళ, గురువారాలు ఆరు నుంచి ఏడున్నర దాకా పాప ఎవరి దగ్గర, వంట ఎవరిది' అని అడగండి. ఇద్దరిలో ఎవరు వెనకాడినా మూడు గంటలను గంటన్నర చేసుకుని ఒక్క రోజుతోనే మొదలుపెట్టండి.

వంటింట్లో గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, తిథులు, రాహుకాలాలు వేసినది. నడిచిన రోజు ఆ గడిలో ఒక టిక్కు, చదివిన రోజు ఒక సున్నా. యాప్ వద్దు, ఫోన్ తెరిస్తే ఇంకెక్కడికో వెళ్తారు. నాలుగు రోజులు గడి ఖాళీగా ఉంటే అత్తగారే అడుగుతారు, "ఏమ్మా, నడవట్లేదా?" అని. ఆవిడకు కళ్లజోడు లేకపోయినా కనిపించేంత పెద్దగా పెట్టండి.